ఖతార్ లెక్కలో మనవాళ్లు

ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారు 1990 నుండి మానవాభివృద్ధి నివేదిక అనే పెద్ద పుస్తకాన్ని దాదాపు ప్రతి యేటా వెలువరిస్తున్నారు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మన మారిషస్ గడ్డమీద జరిగినదీ ఆ యేడే. కవిత్వాన్నీ నాటకాన్నీ భజన సంప్రదాయాన్నీ విమర్శించుకొనే ఈ పుటలలో అంకెల పుస్తకానికి చోటేమిటని పాఠకులు అడగవచ్చు. కాని ఈ పుస్తకం చివర ఉండే పట్టికను నేడు చదువుకొన్నవారు చాలమంది వేదవాక్కుగా తీసుకొంటున్నారు. ఏ దేశం ముందున్నది, ఏ దేశం వెనుకబడినది, మన పిల్లలు ఎక్కడికి పోవాలి, ఎవరిని చూసి జాలిపడాలి అన్నదంతా ఆ వరుస సంఖ్యే నిర్ణయిస్తున్నది. ఇంత పలుకుబడి గల రచనను విమర్శ లేకుండా వదలిపెట్టడం తగదని మా అభిప్రాయం.

2020 నివేదికలో మారిషస్‌కు 0.804 సూచిక, 66వ స్థానం వచ్చాయి. అత్యున్నత మానవాభివృద్ధి గల దేశాల శ్రేణిలో మనం చేరడం అదే మొదటిసారి. సంతోషించాము, సంతోషించవలసినదే. అదే పట్టికలో ఖతార్ 0.848తో 45వ స్థానంలోను, భారతదేశం 0.645తో 131వ స్థానంలోను ఉన్నాయి. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి మనవారిలో కొందరు ఒక కథ అల్లుకొన్నారు. ముత్తాతలు వదలి వచ్చిన దేశం ఎక్కడో కింద ఉన్నది, మనం పైకి వచ్చాము, ఎడారిలోని చిన్న దేశం మనకంటె పైకి పోయింది. జగిత్యాల నుండి, నిజామాబాదు నుండి, కడప నుండి దోహాకు పోయిన తెలుగు కుర్రవాడు 131వ మెట్టు నుండి 45వ మెట్టుకు ఎక్కాడు కాబట్టి అతని పంట పండినట్లే. ఇదీ ఆ కథ.

ఈ కథ తప్పు. పట్టికలోని అంకె తప్పని మేము అనడం లేదు. ఆ అంకె ఆ కుర్రవానిని గురించి చెప్పేది కాదు.

ముందు ఈ సూచికను తయారు చేసినవారికి న్యాయం చేయాలి. పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ దీనికి మూలపురుషుడు. మన అమర్త్య సేన్ ఆయనకు తోడ్పడ్డారు. బహుముఖమైన మనిషి బ్రతుకును ఒక్క అంకెలోకి కుదించడం మోటుపని అని సేన్ మొదట వెనుకాడారట. స్థూల జాతీయోత్పత్తి అనే మోటు అంకెను గద్దె దింపాలంటే అంతే మోటుగా ఉండే మరొక అంకె కావాలని హక్ వాదించి ఆయనను ఒప్పించారు. ఈ సంగతి తరువాత సేన్ గారే వ్రాశారు. అలా పుట్టిన సూచికకు కాళ్లు మూడు. మనిషి ఎంతకాలం బ్రతుకుతాడన్నది ఒకటి, ఎన్నేళ్లు చదివాడన్నది రెండవది, తలసరి ఆదాయం మూడవది. డబ్బు ఉండగానే అభివృద్ధి అయిపోదని లోకానికి చెప్పిన పుణ్యం ఈ నివేదికదే. ఖతార్ విషయంలో కూడ ఆ గుణం కనిపిస్తుంది. తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే మొదటి వరుసలో నిలిచే దేశాన్ని తెచ్చి 45వ చోట కూర్చోబెట్టింది కదా!

ఖతార్ సాధించినది తక్కువ అనడానికి వీలులేదు. ముత్యాల వేటమీద బ్రతికే ఆ దేశాన్ని 1930 ప్రాంతంలో జపాను పెంపకపు ముత్యాలు దెబ్బతీశాయి. దుఖాన్ దగ్గర చమురు పడింది. 1949లో ఎగుమతి మొదలైంది. 1971లో సముద్రం అడుగున బ్రహ్మాండమైన వాయు నిక్షేపం కనుగొన్నారు. ఒక్క మనిషి జీవితకాలంలో ఆకలి పోయి ఆసుపత్రులూ విశ్వవిద్యాలయాలూ వచ్చాయి. చమురు దొరికిన దేశాలన్నీ ఆ సొమ్మును ప్రజల చదువుకూ వైద్యానికీ ఖర్చుపెట్టలేదు. ఖతార్ పెట్టింది.

చిక్కు ఎక్కడ వస్తున్నదంటే, ఆ దేశంలో ఉన్నవారెవరు అన్నచోట. 2020 జనాభా లెక్కల్లో ఖతార్‌లో తేలినవారు 28 లక్షల 46 వేల మంది. ఇందులో ఆ దేశపు పౌరులు పదిమందికి ఒకరు, కాస్త అటూ ఇటూగా. తక్కినవారంతా పనికోసం వచ్చినవారు, అందులోను మగవారే మెండు. దేశం అంటే ఒక జాతి, దాని పిల్లలు, దాని ముసలివారు అన్న ఊహతో తయారైన కొలబద్ద ఇది. పదింట తొమ్మిది వంతులు వచ్చి పోయేవారే అయిన దేశానికి దాన్ని వేస్తే ఏమవుతుందో, సూచిక కాళ్లు మూడింటినీ విడివిడిగా చూద్దాం.

ఆదాయం సంగతి. జాతీయాదాయపు లెక్కల సూత్రం ప్రకారం ఒక యేడాది, అంతకు మించి ఒక దేశంలో ఉన్నవాడు ఆ దేశ నివాసి. కాబట్టి దోహాలో ఇనుప కడ్డీలు కట్టే తెలుగువాని జీతం ఖతార్ జాతీయాదాయంలో చేరుతుంది. అతడు ఇంటికి పంపే సొమ్ము బదిలీ కింద లెక్క. ఖతార్ ఆదాయంలో నుండి దాన్ని తీసివేయరు, భారతదేశపు జాతీయాదాయంలో కలపరు. కోరుట్లలో ఆ సొమ్ముతో తల్లికి మందులు కొన్నా, చెల్లెలి పెళ్లికి అప్పు తీర్చినా, లెక్కకు అది దోహా సంపాదనే. 2020 నివేదిక ఖతార్ తలసరి ఆదాయాన్ని 92,418 డాలర్లని చూపింది. 2021 మార్చి నుండి అమలైన కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. యజమాని తిండీ బసా ఇవ్వని పక్షంలో వాటికి మరొక 800 కలపాలి. అన్నీ కలిపినా యేడాదికి ఆరువేల డాలర్లు నిండవు. ఒకటి కొనుగోలు శక్తిని బట్టి సవరించిన డాలరు, రెండవది బజారు డాలరు. రెండింటినీ నేరుగా పోల్చరాదని ఆర్థికవేత్తలు అంటారు, నిజమే. కాని ఆ సవరణ చేసినంత మాత్రాన పది రెట్ల ఎడం పూడదు. అసమానతను లెక్కలోకి తీసుకొని సవరించిన మరొక సూచికను ఈ నివేదికే 2010 నుండి ఇస్తున్నది. 2020 పట్టికలో ఖతార్‌కు ఎదురుగా ఆ గడి చూడండి. అంకె లేదు, రెండు చుక్కలున్నాయి. ఏ దేశంలో ఆ అంకె అన్నిటికంటె అవసరమో అక్కడే అది లేకపోయింది.

చదువు మాట. పాతికేళ్లు దాటినవారు సగటున ఎన్నేళ్లు చదివారన్నది ఇందులో ఒక భాగం. ఖతార్‌కు అది 9.7 యేళ్లు. ఆ సగటులో జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో పదవ తరగతి చదివి వెళ్లిన మన కుర్రవాడూ ఉన్నాడు. అతనికి చదువు చెప్పినది తెలంగాణ, ఫీజు కట్టినది వరి పండించిన తండ్రి, అంకె చేరినది ఖతార్ ఖాతాలో. ఇది ఖతార్‌కూ అన్యాయమే చేస్తున్నది. బడి ముఖం చూడని కూలీలు లక్షలుగా రావడంతో ఆ దేశం తన పిల్లలకు చెప్పించిన చదువు సగటులో మునిగిపోతున్నది. అంటే ఈ అంకె అటు ఖతార్‌వారిని గురించి నిజం చెప్పదు, ఇటు మనవారిని గురించీ చెప్పదు. ఎవరిని గురించీ కాని అంకె అది.

ఇక ఆయుష్షు. ఇది కొంచెం నిదానంగా చూడవలసిన విషయం.

ఖతార్‌లో యేటా వెయ్యిమందికి ఇద్దరు కూడ చనిపోరు. మన మారిషస్‌లో ఎనిమిది తొమ్మిది మంది చనిపోతారు. మనకంటె అక్కడ నాలుగైదు రెట్లు ఆరోగ్యం ఉన్నదా? లేదు. అక్కడ ముసలివారు లేరు. పనికి పోయేవాడు ఇరవై, ముప్పై యేళ్లవాడు. పోయేముందు రక్తం, ఊపిరితిత్తులు అన్నీ పరీక్ష చేయించుకొని, జబ్బు లేదని కాగితం చేత పట్టుకొని విమానం ఎక్కుతాడు. జబ్బుపడినవాడు, ఒళ్లు ఉడిగినవాడు ఇంటికి వస్తాడు. ఆయుర్దాయపు గణన వయసు తేడాలను సరిచేస్తుంది కనుక ఇంత వింతగా ఉండదు. అయినా ఆరోగ్యవంతులను ఏరి తెచ్చుకొని రోగులను పంపివేయడం వల్ల వచ్చే మేలును అది సరిచేయలేదు. ఎండలో నీళ్లు చాలక కిడ్నీలు చెడి తిరిగివచ్చిన కూలీలను గురించి నేపాలు వైద్యులు చెబుతున్నారు. ఆ రోగం నేపాలు లెక్క. ఆ చెమటతో లేచిన మేడ ఖతార్ లెక్క.

నిరుద్యోగమూ ఇంతే. ఖతార్‌లో పని లేనివారు వెయ్యికి ఒకరట! ప్రపంచంలో ఇంతకంటె చక్కని అంకె మరొకటి ఉండదు. కాని అక్కడ కూలి పోయినవాడు నిరుద్యోగి కాడు, విమాన ప్రయాణికుడు అవుతాడు. పని లేనివాడు దేశంలో ఉండే వీలే లేనప్పుడు నిరుద్యోగం ఎక్కడిది? అతడు కరీంనగర్ బస్సు స్టాండులో నిరుద్యోగి. కోనసీమ నుండి ఇంటిపనికి పోయిన స్త్రీ కూడ ఇలాగే స్త్రీలు ఎంత శాతం ఉద్యోగాలు చేస్తున్నారన్న లెక్కను పెంచి వస్తుంది. ఆమె కన్నబిడ్డ అమ్మమ్మ దగ్గర పెరగడం ఏ దేశపు పట్టికలోను లేదు.

చావుల విషయానికి వస్తే అంకెల తమాషా అంతా బయటపడుతుంది. తమాషా అని నోరారా అనలేము గాని, మరొక మాట తోచలేదు. 2022లో ఖతార్‌లో ప్రపంచ కప్పు ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి. ఆ పోటీలు 2010 డిసెంబరులో ఆ దేశానికి దక్కిన నాటి నుండి పదేళ్లలో భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలకు చెందిన 6,500 మందికి పైగా అక్కడ మరణించారని లండను గార్డియన్ పత్రిక 2021 ఫిబ్రవరిలో వ్రాసింది. అందులో భారతీయులు 2,711 మంది. పోటీల నిర్వాహక సంఘం వారి లెక్క వేరు. ఆటమైదానాల నిర్మాణంలో పని కారణంగా చనిపోయినవారు ముగ్గురే అన్నారు. ఆ సంఘం ప్రధాన అధికారి 2022 నవంబరులో ఒక ముఖాముఖిలో నాలుగు వందలకూ అయిదు వందలకూ మధ్య అన్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2020 ఒక్క యేటిలో దేశం మొత్తం మీద పని ప్రమాదాల్లో 50 మంది మరణించారనీ, 500 పైచిలుకు మంది తీవ్రంగా గాయపడ్డారనీ లెక్క తేల్చింది.

మూడు, యాభై, అయిదు వందలు, ఆరువేల అయిదు వందలు. ఇందులో ఎవరు అబద్ధం ఆడుతున్నారని పాఠకులు అడిగితే, ఒక్కరూ ఆడకుండానే ఇంత తేడా రావచ్చునని మేము చెబుతాము. ఒకరు మైదానం గోడ లోపలే లెక్కపెట్టారు. ఒకరు దేశమంతా, కాని పని ప్రమాదాలనే. గార్డియన్ అన్ని కారణాల చావులూ, అన్ని వృత్తులవారివీ కలిపింది. ఆరువేల చావులూ మైదానాల్లోనే అని ప్రచారం చేసినవారిది తప్పు. కాని అసలు ప్రశ్న అది కాదు. ఆ భారతీయుల చావుల్లో నూటికి ఎనభై ‘సహజ మరణం’ అని నమోదయ్యాయి. చాలవాటికి శవపరీక్ష లేదు. వైద్యపరీక్షలో నెగ్గి వచ్చిన ముప్పై యేళ్లవాడు రాత్రి క్యాంపులో పడుకొని తెల్లవారి లేవకపోతే అది సహజం ఎలా అవుతుంది? నేపాలు కూలీల గుండెపోటు మరణాలకూ వేసవి ఎండకూ సంబంధమున్నదని 2019లో ఒక వైద్య పరిశోధన చూపింది. 2021లో ఖతార్ ప్రభుత్వం జూన్ 1 నుండి సెప్టెంబరు 15 దాకా ఉదయం పది మొదలు మధ్యాహ్నం మూడున్నర వరకు బయటిపని నిషేధించింది. మంచిపనే. కారణం గడిలో ‘సహజం’ అని వ్రాసి పంపిన పెట్టెలు మాత్రం అప్పటికే శంషాబాదు విమానాశ్రయం మీదుగా ఊళ్లకు చేరిపోయాయి. గల్ఫులో మరణించినవారి కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. చావు ఖర్చు ఏ ఖాతాలో పడుతున్నదో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

ఇదంతా మనకెందుకు అని అడిగేవారికి మన కథే జవాబు. 1834 నుండి 1910 వరకు మారిషస్‌కు వచ్చిన నాలుగున్నర లక్షల మంది గిరిమిటి కూలీల్లో కోరంగి రేవు మీదుగా, విశాఖ, గంజాం సీమల నుండి వచ్చిన మన పెద్దలు ఉన్నారు. ఆనాడు ఈ ద్వీపపు అభివృద్ధికి సూచిక ఒక్కటే, చక్కెర టన్నులు. 1860 నాటికి అవి లక్ష దాటాయి. ప్రొటెక్టరు కార్యాలయం యేటేటా నివేదిక పంపేది. ఓడ దిగినవారు ఇంతమంది, తిరిగి పోయినవారు ఇంతమంది, చచ్చినవారు ఇంతమంది, పారిపోయినవారు ఇంతమంది. బ్యాంకులో దాచుకొన్న సొమ్ము కూడ చూపేవారు, కూలీలు సుఖంగా ఉన్నారనడానికి సాక్ష్యంగా. ఒకనాడు పనికి రాకపోతే రెండునాళ్ల కూలి కోసే ‘డబుల్ కట్’ ఆ పట్టికల్లో ఎక్కడ కనపడుతుంది? 1867 చట్టం వచ్చిన తరువాత ఒప్పందం తీరినవాడు కూడ టిక్కెట్టూ పాసూ లేక రోడ్డుమీద నడిస్తే పట్టుబడేవాడు. అదీ కనపడదు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే తోట మేనేజరు సాయంతో 9,401 మంది పాత కూలీలు గవర్నరుకు అర్జీ పెట్టుకొన్నారు. దాని మీద రాజ విచారణ సంఘం 1872లో వచ్చింది, 1875లో నివేదిక ఇచ్చింది. పాతికేళ్ల ప్రొటెక్టరు అంకెలు చెప్పనిదాన్ని ఒక్క అర్జీ చెప్పింది.

ఖతార్‌కూ మనకూ తేడా ఇక్కడే ఉన్నది. మన పెద్దల్లో ఎక్కువమంది ఇక్కడ ఉండిపోయారు. 1880 ప్రాంతం నుండి ఎస్టేటులు ముక్కలు చేసి అమ్మిన భూములను కొన్నారు, మందిరాలు కట్టారు. 1948 ఎన్నికలలో తెలుగులో చదవను వ్రాయను వచ్చినా వోటు ఉన్నది. ఆనాటి కూలి ముని మనుమడి చదువూ ఆయుష్షూ ఆదాయమూ కలిసే 2020లో 0.804 అయ్యాయి. దక్షిణాఫ్రికాలో నాటాలు దొరలు ఇది జరగకూడదనే 1895లో చట్టం చేశారు. ఒప్పందం తీరి తిరిగిపోనివాడు యేటా మూడు పౌనులు పన్ను కట్టాలన్నారు. కూలి కావాలి, మనిషి వద్దు. 1913 సమ్మె తరువాత 1914లో అది రద్దయింది. నాటాలు దొరలు పన్నువేసి సాధించలేనిదాన్ని ఖతార్ వీసా నిబంధనతో సాధించింది. చిన్న జీతగాడు పెళ్లాం బిడ్డలను తెచ్చుకోలేడు, ఎన్నేళ్లు పనిచేసినా పౌరుడు కాడు. కాబట్టి అతని మనుమడు ఏనాటికీ ఖతార్ సూచికలో ఉండడు.

మార్పులు రాలేదా అంటే వచ్చాయి. యజమాని అనుమతి లేనిదే దేశం విడిచి పోరాదన్న ఎగ్జిట్ పర్మిట్ నిబంధనను 2018లో చాలమందికి, 2020లో ఇంటి పనివారికీ తొలగించారు. యజమాని ఒప్పుకోలు లేకుండా పని మారవచ్చునని 2020లో చట్టం చేశారు. కఫాలా పద్ధతికి అది పెద్ద దెబ్బ. అమలులో లోపాలున్నాయని కార్మిక సంఘాలు అంటున్నా, దెబ్బే. మాకు ఆశ్చర్యం కలిగించేది మరొకటి. 2020 నివేదికలో 0.848గా ఉన్న ఖతార్ సూచిక 2025 నివేదికలో 0.886 అయింది. ఈ పెరుగుదలలో ఆ చట్టాల వాటా ఎంత? సూచిక తయారైన తీరునుబట్టి సున్న. మనిషి తన యజమానిని వదలిపోగల స్వేచ్ఛ ఆయుష్షూ కాదు, చదువూ కాదు, ఆదాయమూ కాదు. మన పెద్దలు టిక్కెట్టు చింపివేసిన నాడు ద్వీపం ఎంత అభివృద్ధి చెందిందో కూడ ఈ కొలబద్ద చెప్పలేదు.

వేరే కొలత సాధ్యమా అంటే సాధ్యమే. మైకేల్ క్లెమెన్స్, లాంట్ ప్రిచెట్ అనే ఆర్థికవేత్తలు 2008లో ఒక లెక్క వేశారు. ఒక దేశంలో ఉన్నవారి ఆదాయం కాక, ఆ దేశంలో పుట్టినవారు ఎక్కడ ఉన్నా వారి సగటు ఆదాయం ఎంత అన్నది లెక్క. కొలబద్ద నేలను వదలి మనిషి వెంట నడవడం మాకు నచ్చింది. అయితే అది ఆదాయం దగ్గరే ఆగిపోయింది. ఎడబాటు, ఎండ దానికి తెలియవు. ఇంకొకటి ఐక్యరాజ్య సమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాలలోనే ఉన్నది. పనికోసం పోవడానికి కూలి పెట్టిన ఖర్చు అక్కడి అతని నెల జీతానికి ఎన్ని రెట్లు అన్న సూచిక అది. ఏజెంటు భారతదేశంలో తీసుకోదగినది 30,000 రూపాయలు, దానిపై పన్ను. చట్టం అది. అప్పు తీరడానికి ఎన్ని నెలలు పట్టిందని జగిత్యాలలో ఏ ఇంట అడిగినా వ్రేళ్లమీద లెక్క చెబుతారు. పట్టిక మొత్తంలో ఆ ఇంటివారి మాటలా వినిపించే అంకె మాకు ఇదొక్కటే కనపడింది. దాన్ని మానవాభివృద్ధి సూచికలో చేర్చలేదు.

ఇంతా ఖతార్‌ను అని ఊరుకోవడానికి మనకు వీలులేదు. మన ద్వీపంలోనే నేడు బట్టల మిల్లుల్లో, కట్టడపు పనుల్లో బంగ్లాదేశ్, నేపాల్, మడగాస్కర్, భారతదేశాల నుండి వచ్చినవారు వేల సంఖ్యలో పనిచేస్తున్నారు. ఒప్పందం మీద వచ్చారు, తీరగానే పోతారు. వారి జీతాన్ని దోహా లెక్కలాగే మన జాతీయాదాయంలో కలుపుకొంటున్నాము. వారు రావడానికి ఎంత అప్పు చేశారు, అది ఎన్ని నెలల జీతం, ఇంటికి పోయినప్పుడు ఏ జబ్బుతో పోయారు అన్నది మన గణాంక శాఖ ఏటేటా విడిగా ప్రకటించాలని మేము కోరుతున్నాము. అడగడానికి పెద్ద ఖర్చు కాదు. వారి హాస్టళ్లు మన ఊళ్లలోనే, మన మందిరాలకు నడిచి పోయే దూరంలోనే ఉన్నాయి.